గుర్రపు డెక్క: గట్టు వారన మిగిలిన నాలుగు మొక్కలే అసలు సమస్య

ఈ ఏడూ అవే ఫోన్లు. "మొన్ననే డబ్బు పోసి చెరువులో గుర్రపు డెక్కంతా తీయించాం సార్, మళ్లీ నిండిపోయింది, ఎవరో గిట్టనివాళ్లు రాత్రిపూట విత్తనాలు చల్లుతున్నారు." ఎవరూ చల్లలేదండీ. దయచేసి ఈ మాట ఊళ్లో తిప్పకండి, దీని మీద గొడవలు పడ్డవాళ్లను చూశాను.

అపోహ: దాదాపు అంతా తీసేశాం, నాలుగు మిగిలితే ఏమవుతుంది?

జనం డబ్బు ఎక్కువగా పోయేది ఇక్కడే. నీటి మీద తేలే ఈ కలుపు మొక్క అరటిలాగా పిలకలు వేస్తుంది. తల్లి మొక్క మొదట్లోంచి నీటిలో అడ్డంగా ఒక కాడ సాగి, దాని చివర పిల్ల మొక్క లేస్తుంది, వేర్లు దిగాక ఆ పిల్ల తను కూడా పిలక వేస్తుంది, మధ్యలో కాడ గాలికో పడవ తగిలో తెగిందంటే రెండూ చెరో దిక్కుకు కొట్టుకుపోయి చెరో గుంపు కడతాయి. గింజతో పని లేదు. ఎండ బాగా కాసి, పొలాల ఎరువు నీళ్లు చేరే చెరువులో రెండు వారాల్లో రెట్టింపు కావచ్చు. ఆ లెక్కన పది మొక్కలు ఐదు నెలలు తిరక్కముందే పదివేలు దాటుతాయి.

భీమవరం వైపు ఒక రైతు చేప పిల్లలు వదిలి, నీళ్లు విషమైపోయాయని ఎవరో చెబితే నిద్ర మానేశారు. పాపం, మనిషి సగమైపోయారు. విషం కాదు, ఆకులు నీటిని మూసేస్తే లోపల ఆక్సిజన్ తగ్గుతుంది. మనుషులను పెట్టి మొత్తం తీయించామన్నారు. తూము పక్క తుంగలో చెయ్యి పెట్టి వెతికితే ఏడు పిలకలు దొరికాయి. ఆ తర్వాత రెండు నెలలు వారానికి రెండుసార్లు గట్టు చుట్టూ తిరిగి ఏరారాయన, చెరువు నిలబడింది.

మిగతావి క్లుప్తంగా. నరికి నీళ్లలోనే వదిలేయడం తప్పు: మొదలున్న ముక్క మళ్లీ చిగురిస్తుంది, మిగిలింది కుళ్లి ఉన్న ఆక్సిజన్ కాస్తా లాగేస్తుంది. గడ్డి చేప (గ్రాస్ కార్ప్) దీన్ని పెద్దగా ముట్టదు. 1980ల మొదట్లో మన దేశానికి తెచ్చిన, ఈ మొక్కను తినే ముక్కు పురుగులు పనిచేస్తాయి, కానీ ఏళ్లు పడుతుంది, ఈ పంటకు వాటిని నమ్ముకోవద్దు. పూత వచ్చాక చూద్దామని ఆగొద్దు. గింజలు బురదలో ఏళ్ల తరబడి బతుకుతాయి కాబట్టి, ఎండిన చెరువుకు నీళ్లు పెట్టాక అంచుల్లో మొలకలు చూసుకోండి.

వల పక్క చెరువులో వాడే ముందు దులిపి ఆరబెట్టండి. తీసిన మొక్కను గట్టు లోపలి వాలు మీద పోయకండి, ఒక్క వానకు మళ్లీ నీళ్లలోకి జారిపోతుంది.