కాలిన నేలను వెతుక్కునే ఫ్యునేరియా

ఇంటర్మీడియట్‌లో వృక్షశాస్త్రం చదివినవారిలో చాలామందికి ఫ్యునేరియా పేరు గుర్తుండే ఉంటుంది. రికార్డు పుస్తకంలో బొమ్మ గీసి, భాగాలకు పేర్లు రాసి, పరీక్ష అయ్యాక మరిచిపోయిన మొక్క అది. అంతటితో వదిలేయాల్సింది కాదు. ఫ్యునేరియా హైగ్రోమెట్రికా అనే ఈ మాస్ (పూలు పూయని, నేలను పచ్చగా కప్పే చిట్టి మొక్క) జాతి అన్ని ఖండాల్లోనూ ఉంది. మనిషి నేలను తవ్విన చోట, తగలబెట్టిన చోట అందరికంటే ముందు వాలిపోతుంది.

దీనికి మంట పెట్టిన నేలంటే ప్రత్యేకమైన మక్కువ. మంటలో పోటీ మొక్కలన్నీ పోతాయి. బూడిద నేలలో ఆమ్లాన్ని తగ్గించి, పొటాషియం వంటి లవణాలను అందుబాటులోకి తెస్తుంది. గాలిలో కొట్టుకొచ్చిన సిద్ధబీజాలు, అంటే విత్తనాలకు బదులు వ్యాపించే ధూళిలాంటి కణాలు, తడి తగలగానే మొలకెత్తి, సన్నటి ఆకుపచ్చ పోగులుగా అల్లుకుంటాయి. ఇవే ప్రథమతంతువులు. వాటి మీద పుట్టిన మొగ్గల నుంచి ఆకుల మొక్కలు లేస్తాయి. ఒకటి రెండేళ్లలో గడ్డి, ఇతర మొక్కలు ఆ చోటును ఆక్రమించుకోగానే ఫ్యునేరియా తప్పుకుంటుంది. పాత గోడల సున్నం అతుకుల్లో, నర్సరీ కుండీల్లో కూడా కనిపిస్తుంది.

ఈ ప్రథమతంతువులకు మరో శక్తి ఉందని జపాన్‌లోని రైకెన్ సంస్థ పరిశోధకులు 2018లో చూపించారు. సీసం కలిసిన నీటిలో ఉంచితే అవి ఆ లోహాన్ని భారీగా పీల్చుకున్నాయి. అందులో ఎక్కువ భాగం కణకవచంలోనే, అంటే కణం చుట్టూ ఉండే గోడలోనే, చిక్కుకుపోయింది. కలుషిత జలాలను శుద్ధి చేయడానికి ఇదొక మంచి దారి కాగలదని నా నమ్మకం.

అయితే ఈ మొక్కలో నన్ను అన్నిటికంటే కట్టిపడేసేది దాని గుళిక, అంటే సిద్ధబీజాలు నిండిన చిన్న తిత్తి. సన్నటి పొడవాటి కాడ చివర, బేరిపండులా ఒక పక్కకు ఒరిగి వేలాడుతుంది. పండిన కాడ ఎండితే మెలితిరుగుతుంది, తడిస్తే మెలి విప్పుకుంటుంది. దగ్గరికి వెళ్లి ఊపిరి వదిలితే, ఆ తేమకే గుళిక కదులుతుంది. భూతద్దంతో గుళిక మూతి చూడండి. మూత ఊడిపోయాక రెండు వరుసల్లో దంతాలు కనిపిస్తాయి, వరుసకు 16. బయటి వరుస దంతాలు పొడిగాలికి వంగి సందులు తెరుస్తాయి, తేమ పెరిగితే మూసుకుంటాయి. సిద్ధబీజాలు ఒక్కసారిగా ఒలికిపోకుండా, ఎగరడానికి అనువైన పొడి వేళల్లో కొన్ని కొన్నిగా బయటపడతాయి. నరం లేదు, కండరం లేదు. ఈ కదలికంతా ఎండిన కణకవచాలు నీటిని పీల్చుకోవడం, వదలడం వల్లే జరుగుతుంది.

పెంచడం కష్టం కాదు. వెడల్పాటి మట్టి మూకుడులో జల్లించిన మట్టి, కాస్త ఇసుక, పిడికెడు కట్టెల బూడిద కలిపి నింపండి. మరిగే నీళ్లు పోసి చల్లారనిస్తే కలుపు గింజలు చాలావరకు చస్తాయి. గోధుమరంగుకు తిరిగిన గుళికలను కాగితం మీద చిదిపి, ఆ పొడిని మట్టిపై పలచగా చల్లండి. పైన మట్టి కప్పకూడదు, మొలకెత్తడానికి వెలుగు కావాలి. మూకుడును నీళ్ల పళ్లెంలో ఉంచి అడుగు నుంచే తడి అందించండి. పైనుంచి పోస్తే సిద్ధబీజాలు కొట్టుకుపోతాయి. గాజుపలక కప్పి, నేరుగా ఎండ పడని వెలుగులో పెట్టండి. ముందు ఆకుపచ్చ పొర, తర్వాత చిట్టి మొక్కలు వస్తాయి.

గుళికలు రావాలంటే చల్లదనం కావాలి. పురుష బీజకణాలు నీటిలో ఈదుకుంటూ అండాన్ని చేరాలి కాబట్టి ఆ దశలో తుంపర నీళ్లు కూడా అవసరం. మైదాన ప్రాంతాలవారు వానలు వెనుకబట్టాక మొదలుపెడితే చలికాలం కలిసివస్తుంది. ఎండలు ముదిరేలోపు పండిన గుళికలను కాగితపు పొట్లంలో పొడిగా దాచుకుంటే, వచ్చే ఏడాది కొత్త మూకుడులో మళ్లీ చల్లుకోవచ్చు.