మంచు తడికి మాడని కీర పాదు

ఒడిశాలోని గుణుపూరు, కాశీనగర్, పర్లాకిమిడి వైపు పెరట్లో కీర వేసేవాళ్లకి ఈ కష్టం తెలిసిందే. వానలున్నన్నాళ్లూ పాదు ఏపుగా పాకుతుంది. ఆశ్వయుజం వచ్చి, తెల్లవారుజామున వంశధార ఒడ్డున మంచు దిగడం మొదలయ్యాక ముదురాకుల మీద పసుపు మచ్చలు లేస్తాయి. చూస్తుండగానే పందిరంతా ఎండుటాకులవుతుంది. నీళ్లు చాలలేదేమో అనుకుని సాయంత్రం ఆకులు తడిసేలా ఇంకో బిందె పోస్తాం. దాంతో తెగులు ఇంకా ముదురుతుంది.

పొద్దున్నే ఆ ఆకు తిప్పి చూడండి. మచ్చలు ఆకు ఈనెల దగ్గర ఆగిపోయి గళ్లుగా ఉంటాయి, అడుగున బూడిద, ఊదా కలిసిన రంగులో నూగు ఉంటుంది. ఇది బూజు తెగులు. ఆకు పైన పిండి చల్లినట్టు తెల్లగా కనిపించేది బూడిద తెగులు. అది వేరు, దానికి ఆకు తడవనక్కర్లేదు. బూజు తెగులు తెచ్చే జీవికి మాత్రం ఆకు మీద కొన్ని గంటలు తడి నిలవాలి. అది అసలు శిలీంధ్రం కాదు, కొన్ని రకాల నాచులకు దగ్గరి బంధువు. బతికున్న ఆకు మీదే బతుకుతుంది.

మన వైపు విత్తనాల కొట్లలో పాయిన్‌సెట్ అనే పాత కీర రకం దొరుకుతుంటుంది. హైబ్రిడ్ కాదు కాబట్టి విత్తనం కట్టుకోవచ్చు. పచ్చిగా చక్రాల్లా తరుక్కుని తినడానికి బాగుంటుంది. అమెరికాలో క్లెమ్సన్ విశ్వవిద్యాలయం వాళ్లు 1966లో విడుదల చేశారు. బూజు తెగులును తట్టుకునే గుణం దానికి ఎక్కడిదంటే, మన దేశం నుంచి వెళ్లిన ఒక కీర విత్తనానిది. అమెరికా విత్తన నిల్వల రిజిస్టరులో దాని గుర్తు పీఐ 197087. కీరకు పుట్టిల్లు మన దేశమే. హిమాలయాల దిగువన దాని అడవి చుట్టం ఇప్పటికీ చేదు కాయలు కాస్తోంది. మనవాళ్లు తరతరాలుగా దాచుకున్న గుణమే సముద్రం దాటి వెళ్లి, ప్యాకెట్లో తిరిగొచ్చిందన్నమాట. నాకు ఇది చాలా పెద్ద సంగతిగా అనిపిస్తుంది.

ఆ గుణం ఎలా పనిచేస్తుందో 2019లో తేలింది. ఆకుకు పచ్చరంగునిచ్చే పత్రహరితాన్ని విడగొట్టే పని ఒక జన్యువుది. పత్రహరితం మధ్యలో ఉండే మెగ్నీషియంను ఊడదీయడంతో అది మొదలుపెడుతుంది. తెగులు సోకినప్పుడు మామూలు కీరలో ఈ పని జోరుగా సాగి, కణాలు చచ్చి, ఆకు పసుపెక్కుతుంది. పీఐ 197087లో ఆ జన్యువు రాతలో ఒక్క అక్షరం మారి, అది పనిచేయడం మానేసింది. అందువల్ల ఆకు పచ్చగానే నిలబడుతుంది. ఆ ఒక్క మార్పుతోనే ఆంత్రాక్నోస్ అనే శిలీంధ్రపు తెగులు నుంచి, బాక్టీరియా ఆకుమచ్చ నుంచి కూడా కొంత రక్షణ దొరికింది. మొక్కకు కొత్త ఆయుధం ఏదీ రాలేదు, తెగులుకు ఉపయోగపడే ఒక భాగం లేకుండా పోయింది, అంతే. వంశపారంపర్య సూత్రాలు కనిపెట్టిన మెండెల్ పెంచిన బఠానీల్లో పండినా పచ్చగానే ఉన్న గింజల వెనక ఉన్నదీ ఇదే జన్యువు చెడిపోవడమే!

అయితే తెగులు కూడా మారుతూ ఉంటుంది. 2004లో అమెరికాలో కొత్త తరహా బూజు తెగులు వచ్చి, సుమారు 40 ఏళ్లు కాపాడిన ఆ రక్షణను చాలావరకు దాటేసింది. మళ్లీ వెతికితే పనికొచ్చిన వాటిలో ఒకటి అస్సాం నుంచి వెళ్లిన పీఐ 197088. అంటే, ఒక్క రకాన్ని నమ్ముకుంటే సరిపోదు. అందుకే మా గట్టి సలహా: పాయిన్‌సెట్ వేసుకోండి, దాని పక్కనే కొండ మీది సవరల దగ్గర, వారపు సంతలో దొరికే నాటు కీర కూడా వేయండి. సంతకొచ్చే నాటు విత్తనం తగ్గిపోతుంటే చూస్తూ ఊరుకోలేం.

రెండూ కలిసిపోకుండా చూసుకోవాలి. పాయిన్‌సెట్‌లోని ఆ గుణం అంతర్గతం, తల్లి నుంచీ తండ్రి నుంచీ రెండు పాళ్లూ వస్తేనే బయటపడుతుంది. తేనెటీగ పక్క పాదు పుప్పొడి తెచ్చిందంటే మొదటి తరంలో ఆ రక్షణ కనబడదు, రెండో తరంలో నాలుగింట ఒక మొక్కకే తిరిగొస్తుంది. పప్పులో వేసే పసుపు దోస పక్కనుంటే భయం లేదు. అది ఖర్బూజా జాతి. దాని క్రోమోజోములు 24, కీరవి 14, రెండూ కలవవు.

మర్నాడు విచ్చుకోబోయే మొగ్గ ముందు సాయంత్రానికే పసుపు తిరుగుతుంది. ఆడ మొగ్గ కింద చిన్న పిందె ఉంటుంది. ఆడ, మగ మొగ్గల కొసలకు దారం కట్టేయండి. పొద్దున్న మగ పువ్వు రేకులు తీసేసి, పుప్పొడిని ఆడ పువ్వు లోపల రాసి, మళ్లీ కట్టి, కాడకు గుడ్డపీలిక గుర్తు పెట్టండి. విత్తనానికి వదిలే పాదుల మీద మందు కొట్టకండి. మంచు కాలంలో ఏది ఎక్కువ రోజులు పచ్చగా నిలిచిందో అప్పుడే తెలుస్తుంది. అలా నిలిచిన నాలుగైదు పాదుల కాయలనే తీసుకోవాలి, ఒక్క పాదు మీద ఆధారపడితే వైవిధ్యం పోతుంది. కాయ పూర్తిగా రంగు తిరిగి మెత్తబడేదాకా తీగ మీదే ఉంచండి, నెల దాటుతుంది. గుజ్జుతో సహా గింజల్ని గ్లాసులో రెండు రోజులు పులియబెట్టి, మునిగినవి కడిగి, నీడలో ఆరబెట్టండి. పొడి సీసాలో రకం పేరు, నెల రాసి పెడితే కొన్నేళ్లు మొలుస్తాయి.