పక్కనే ఉన్న ఫోనుకి పంపడానికి టవర్ ఎందుకు?

చిరంజీవులైన పిల్లలందరికీ తాతయ్య ఆశీస్సులు.

పెళ్లి వీడియో గురించి మీరు రాసింది చదివాను. ఆరుగురి ఫోన్లలో తలా కాసిని ఫొటోలు, వీడియోలు ఉండిపోయాయని, వాట్సాప్‌లో పంపితే ఫొటోలు మసకబారుతున్నాయని, పెద్ద వీడియో అయితే గుండ్రంగా తిరిగి తిరిగి సగంలో ఆగిపోతోందని, ఊళ్లో సిగ్నల్ ఒక్క గీతే వస్తోందని. చివర్లో చిన్నోడు అడిగాడు చూడండి, "నెట్ లేకుండా ఫోన్లన్నీ ఒకదానితో ఒకటి కలపలేమా తాతయ్యా" అని, అదే అసలు ప్రశ్న. కలపొచ్చు. టెలిఫోన్ ఎక్స్ఛేంజిలో ఉద్యోగం చేసినవాణ్ణి కాబట్టి ఒకచోటి నుంచి ఇంకోచోటికి లైను కలపడం అంటే నాకు ఇప్పటికీ ఇష్టమే. అందుకే పొడుగ్గానే రాస్తున్నాను, ఓపిగ్గా చదవండి.

ఒకే మంచం మీద కూర్చున్న ఇద్దరిలో ఒకరు ఇంకొకరికి వాట్సాప్‌లో ఫొటో పంపితే ఏమవుతుందో ఎప్పుడైనా ఆలోచించారా? అది ఊరి బయట టవర్‌కి వెళ్తుంది, అక్కణ్ణుంచి భూమిలో వేసిన ఫైబర్ కేబుల్లో పడి ఎక్కడో ఉన్న సర్వర్‌కి చేరుతుంది, మళ్లీ అలాగే తిరిగొచ్చి పక్కవాడి ఫోన్లో దిగుతుంది. పంపినవాడి డేటా కొంత ఖర్చు, తీసుకున్నవాడి డేటా కొంత ఖర్చు. దుబాయ్‌లో ఉన్న బాబాయికి పంపాలంటే అంతా తిరగాల్సిందే. పక్కనున్నవాడికి ఆ తిరుగుడు ఎందుకు? మీ ఫోన్లో రేడియోలు చాలా రకాలున్నాయి. టవర్‌తో మాట్లాడేది ఒకటి, వైఫై ఒకటి, బ్లూటూత్ ఒకటి. ఈ చివరి రెండింటికీ టవర్‌తో పనిలేదు, సిమ్ కూడా అక్కర్లేదు. అద్దం పగిలి బీరువాలో పడి ఉన్న పాత ఫోనైనా సరే, ఆన్ అయితే చాలు, ఈ పనికి అక్కరకొస్తుంది.

మీ అమ్మానాన్నలు కాలేజీలో ఉన్న రోజుల్లో కొన్ని ఫోన్లకి ఇన్‌ఫ్రారెడ్ ఉండేది. టీవీ రిమోట్‌లోంచి వచ్చే వెలుగులాంటిదే, కంటికి కనపడదు. రెండు ఫోన్లను టేబుల్ మీద ఎదురెదురుగా దగ్గరగా పెట్టి, ఎవర్నీ కదలొద్దని చెప్పి, ఒక్క రింగ్‌టోన్ పంపుకునేవాళ్లు. మధ్యలో చెయ్యి అడ్డొచ్చిందా, మళ్లీ మొదటికే. ఆ తర్వాత సెల్ షాపుకెళ్లి, డబ్బులిచ్చి, మెమరీ కార్డులో పాటలు ఎక్కించుకునే కాలం నడిచింది. బ్లూటూత్ కూడా అప్పటిదే.

బ్లూటూత్ పని 1994లో స్వీడన్ కంపెనీ ఎరిక్సన్‌లో మొదలైంది. హెడ్‌ఫోన్ల తీగ వదిలించుకోవడమే అప్పటి ఆలోచన. 1998లో నోకియా, ఐబీఎం, ఇంటెల్, తోషిబా కూడా చేరాక అన్ని కంపెనీల ఫోన్లకీ ఒకే పద్ధతి కుదిరింది. ఇది 2.4 గిగాహెర్ట్జ్ అనే రేడియో పట్టీ దగ్గర పనిచేస్తుంది. అక్కడే వైఫై ఉంది, వంటింటి మైక్రోవేవ్ ఓవెన్ కూడా దాదాపు అక్కడే మోగుతుంది. అంత గోలలో ఒకేచోట నిలబడి మాట్లాడితే మాట వినపడదు కదా, అందుకని బ్లూటూత్ 79 చానళ్ల (ఆ పట్టీలోని చిన్న చిన్న దారుల) మీద కోతికొమ్మచ్చి ఆడుతుంది, సెకనుకు 1600 సార్లు ఒకదాని మీంచి ఇంకోదాని మీదికి దూకుతుంది. ఏ వరసలో దూకాలో రెండు ఫోన్లకీ ముందే తెలుసు కాబట్టి కలిసే దూకుతాయి. ఇలా దూకుతూ మాట్లాడే పద్ధతికి 1942లోనే హాలీవుడ్ నటి హెడీ లమార్, సంగీతకారుడు జార్జ్ ఆంథైల్ కలిసి అమెరికాలో పేటెంట్ తీసుకున్నారు, టార్పెడోకి (నీళ్లలో వెళ్లి ఓడని పేల్చే ఆయుధానికి) రేడియోలో ఇచ్చే ఆదేశాలను శత్రువు చెడగొట్టకుండా. బ్లూటూత్ నేరుగా అందులోంచి పుట్టిందని చెప్పను గానీ, ఒక సినిమా నటి రాత్రిళ్లు కూర్చుని ఇలాంటివి ఆలోచించిందంటే నాకు చాలా గౌరవం, మన ఇంటి ఆడపిల్లలు ఆ పేరు గుర్తుపెట్టుకోవాలి.

బ్లూటూత్‌లో ఒక ఫోను ఇంటిపెద్దలా ఉండి, ఒకేసారి మరో ఏడింటితో మాట్లాడగలదు. అయితే వేగం తక్కువ. లెక్క వేద్దాం, కాగితం తీసుకోండి. మీ వీడియో ఒకటిన్నర జీబీ అన్నారు. ఒక బైటుకి 8 బిట్లు, అంటే 12 గిగాబిట్లు, మెగాబిట్లలో చెప్పాలంటే 12,000. బ్లూటూత్‌లో ఫైలు బాగా వెళ్తే సెకనుకు 2 మెగాబిట్లు. 6000 సెకన్లు, అంటే గంటా 40 నిమిషాలు. వైఫైలో సెకనుకు 100 మెగాబిట్లు వచ్చిందనుకోండి (ఇప్పటి ఫోన్లు ఒకే గదిలో ఉంటే అంతకన్నా ఎక్కువే వస్తుంది), అదే వీడియో 120 సెకన్లలో దిగిపోతుంది. రెండు నిమిషాలు! అందుకే ఇప్పటి ఫోన్లు తెలివిగా పని పంచుకుంటాయి. దగ్గర్లో ఎవరున్నారని వెతకడానికి బ్యాటరీ తక్కువ తినే బ్లూటూత్, దొరికాక బరువు మోయడానికి వైఫై. ఆండ్రాయిడ్‌లో క్విక్ షేర్, ఐఫోన్‌లో ఎయిర్‌డ్రాప్ చేసేది ఇదే. క్విక్ షేర్‌ని 2020లో గూగుల్ నియర్‌బై షేర్ అని తెచ్చింది, 2024లో శాంసంగ్ వాళ్లదాంతో కలిపేసి ఈ పేరు ఉంచారు. వైఫై డైరెక్ట్ అని ఇంకొకటి వింటారు, 2010 నుంచి ఉంది. రూటర్ లేకుండానే రెండు ఫోన్లు మాట్లాడుకుని, మనలో ఒకరం రూటర్‌గా ఉందాం అని వాటిలో అవే తేల్చుకుంటాయి.

ఇద్దరి మధ్యైతే క్విక్ షేర్ చాలు. మీరు ఆరుగురు, పైగా ఒకరిది ఐఫోను, ఇంకొకరికి ల్యాప్‌టాప్. మీకు హాట్‌స్పాటే మంచిది. ఆండ్రాయిడ్ ఫోనున్న ఒకరు ముందు మొబైల్ డేటా ఆపెయ్యండి, తర్వాత హాట్‌స్పాట్ పెట్టండి. డేటా ఆపమన్నది ఎందుకంటే, ఆపకపోతే మిగతా ఐదుగురి ఫోన్లలో యాప్‌లన్నీ అప్‌డేట్‌లు, బ్యాకప్‌లు అంటూ మీ ప్యాక్ మీద పడతాయి, సాయంత్రానికి మీకు రోజువారీ డేటా అయిపోయిందని మెసేజ్ వస్తుంది. మిగతావాళ్లు పాస్‌వర్డ్ కొట్టి అందులో చేరగానే హాట్‌స్పాట్ పెట్టిన ఫోను ఒక్కొక్కరికీ ఒక నంబరు ఇస్తుంది, 192.168 అని మొదలయ్యేలాంటి నంబరు. వైఫై సెట్టింగ్స్‌లో ఆ పేరు మీద నొక్కితే కనపడుతుంది, తప్పకుండా చూడండి. ఆ నంబర్లు మీ గదిలోనే చెల్లుతాయి. ఇలా లోపల్లోపల వాడుకోవడానికి కొన్ని వరసలు ప్రపంచమంతా విడిగా పెట్టుకున్నారు కాబట్టి, ఇదే నంబరు విజయవాడలో ఇంకో ఇంట్లో కూడా ఉండొచ్చు, ఇబ్బందేమీ లేదు.

ఇక్కడ చాలామంది తడబడతారు. చేరిన ఫోను కాసేపటికి "ఈ నెట్‌వర్క్‌లో ఇంటర్నెట్ లేదు, అయినా ఉంటారా" అని అడుగుతుంది. ఉంటానని నొక్కాలి. నొక్కకపోతే కొన్ని ఫోన్లు మీకు చెప్పకుండానే సిమ్ డేటాలోకి జారిపోతాయి, ఎదుటివాళ్ల ఫోను కనపడటం లేదని మీరు తల పట్టుకుంటారు. మనకిప్పుడు ఇంటర్నెట్ అక్కర్లేదు, గదిలో ఉన్న ఆరు ఫోన్లే మన లోకం. తర్వాత అందరి ఫోన్లలోనూ, ల్యాప్‌టాప్‌లో కూడా, లోకల్‌సెండ్ అనే యాప్ తెరవండి. ఉచితం, ప్రకటనలు లేవు, దాని కోడ్ ఎవరైనా చదువుకోవచ్చు, అన్ని రకాల ఫోన్లకీ ఉంది. కానీ ముందే వేసుకోవాలి సుమా, నెట్ లేనిచోటికి వచ్చాక వేసుకుందామంటే కుదరదు. తెరవగానే ఒక్కో ఫోనుకీ ఏదో పండు పేరు పెడుతుంది, మీ చిన్నవాళ్లకి భలే నచ్చుతుంది. ఎవరికి పంపాలో ఆ పేరు నొక్కితే సరి. ఇంట్లో రూటర్ ఉంటే హాట్‌స్పాట్ కూడా అక్కర్లేదు, అందరూ ఆ వైఫైలో ఉంటే చాలు, నెట్ బిల్లు కట్టకపోయినా రూటర్ ఈ పని చేసిపెడుతుంది. హాస్టల్ వైఫైలో మాత్రం చాలాచోట్ల ఒకరి ఫోను ఇంకొకరికి కనపడకుండా అడ్డు పెడతారు, అది మీ భద్రత కోసమే, అక్కడ హాట్‌స్పాటే దారి.

ఇప్పుడు నేను అన్నిటికన్నా గట్టిగా చెప్పాలనుకున్నది. ఫైలు ఎవరి దగ్గరుందో వాళ్లే హాట్‌స్పాట్ పెట్టాలి. ఎందుకో చూడండి. హాట్‌స్పాట్ అక్క ఫోన్లో ఉంది, వీడియో బావ ఫోన్లో ఉంది, తీసుకోవాల్సింది చిన్నోడు అనుకుందాం. బావ నేరుగా చిన్నోడికి పంపుతున్నాననుకుంటాడు. నిజానికి ప్రతి ముక్కా ముందు అక్క ఫోనుకి వెళ్లి, అక్కణ్ణుంచి మళ్లీ గాల్లోకి లేచి చిన్నోడికి చేరుతుంది. వైఫైలో ఒక చానల్ మీద ఒకసారి ఒక్కరే మాట్లాడాలి. మాట్లాడేముందు ఎవరైనా మాట్లాడుతున్నారా అని విని, ఖాళీగా ఉంటే కాసేపు ఆగి అప్పుడు మొదలుపెడతారు, ఇద్దరూ ఒకేసారి మొదలుపెడితే రెండూ పాడైపోయి మళ్లీ పంపుకోవాలి. కాబట్టి ఒకే ముక్క రెండుసార్లు గాల్లో నడిస్తే వేగం సగానికి పడిపోతుంది. బావే హాట్‌స్పాట్ పెడితే ఒక్కసారే నడుస్తుంది. పైసా ఖర్చు లేకుండా వేగం రెట్టింపు!

ఇంకో సంగతి. ఐదుగురికీ ఒకేసారి పంపమని నొక్కినా గాల్లో ఐదు కాపీలు విడివిడిగా వెళ్లాల్సిందే, ఐదు రెళ్లు పది నిమిషాలు. అలాకాకుండా, బావ మొదట అక్కకి ఇచ్చాడు, తర్వాత అక్క తన ఫోను తీసుకుని డాబా మీదికెళ్లి అక్కడ తనే హాట్‌స్పాట్ పెట్టి ఒకరికి ఇచ్చింది, కింద బావ ఇంకొకరికి ఇచ్చాడు. ఒకటి రెండైంది, రెండు నాలుగయ్యాయి, మూడో విడతకి ఆరుగురికీ అందింది. ఆరు నిమిషాలు. ఆరుగురికి ఇది పెద్ద తేడా కాదు గానీ, తరగతిలో 32 ఫోన్లుంటే 31 విడతల పని 5 విడతల్లో అయిపోతుంది. ఒకే గదిలో, ఒకే చానల్ మీద మాత్రం ఇలా చేస్తే లాభం లేదు, ఒకరి కోసం ఒకరు ఆగుతూనే ఉంటారు. మధ్యలో గోడలుండాలి, లేదా చానల్ వేరుగా ఉండాలి.

హాట్‌స్పాట్ సెట్టింగ్స్‌లో 2.4 గిగాహెర్ట్జా, 5 గిగాహెర్ట్జా అని అడుగుతుంది. ఒకే గదిలో ఉంటే 5 పెట్టండి, వేగం ఎక్కువ. పక్క గదిలోకి పోవాలంటే 2.4, గోడలు కాస్త బాగా దాటుతుంది. ఈ తరంగాలను నీళ్లు పీల్చుకుంటాయి, మన ఒంట్లో ఎక్కువ భాగం నీళ్లే కదా, అందుకని ఫోను జేబులో పెట్టుకుని అటు తిరిగి కూర్చుంటే మీరే అడ్డుగోడ అవుతారు. బల్ల మీద పెట్టండి.

మా చిన్నప్పుడు ఇంట్లో రేడియో ఉంటే దానికి పోస్టాఫీసులో లైసెన్సు కట్టాలి. ఇప్పుడు మీరు వైఫై పెట్టుకోవడానికి ఎవర్నీ అడగక్కర్లేదంటే, 2005లో మన ప్రభుత్వం 2.4 గిగాహెర్ట్జ్ పట్టీని, 2018లో 5 గిగాహెర్ట్జ్‌లో మరింత భాగాన్ని, తక్కువ శక్తితో వాడితే లైసెన్సు అక్కర్లేదని వదిలింది కాబట్టే. వేలంలో కొనుక్కున్న కంపెనీలవి కొన్ని పట్టీలు, ఇవి మనందరివీ. దీన్ని నేను చాలా పెద్ద విషయంగా చూస్తాను.

2014 అక్టోబర్ 12న హుద్‌హుద్ తుఫాను విశాఖ మీద పడ్డప్పుడు కరెంటు పోయింది, టవర్లు పడుకున్నాయి, ఊరు ఊరంతా ఫోన్లు చేతిలో పెట్టుకుని ఎవరికీ కబురు చెప్పలేకపోయింది. 2024 సెప్టెంబర్‌లో బుడమేరు పొంగి విజయవాడలో కాలనీలు మునిగినప్పుడూ చాలామందికి అదే పరిస్థితి. ఇలాంటప్పుడు హాట్‌స్పాట్‌తో దూరాన ఉన్నవాళ్లకి ఫోన్ చెయ్యలేరు, ఆ ఆశ పెట్టుకోవద్దు. కానీ ఒక అపార్ట్‌మెంట్‌లో ఎవరికి ఏ మందు కావాలో, ఏ ఇంట్లో ముసలివాళ్లున్నారో రాసిన జాబితా, ముందే దించుకున్న మ్యాపు, ఒక ఫోన్లోంచి ఇంకో ఫోన్లోకి వెళ్తాయి. బ్లూటూత్ మీద ఒక ఫోను నుంచి ఇంకోదానికి మెసేజ్‌ని చేతులు మార్చుకుంటూ తీసుకెళ్లే యాప్‌లు కూడా ఉన్నాయి, 2014లోనే హాంకాంగ్‌లో వీధుల్లోకి వచ్చిన జనం ఫైర్‌చాట్ అనేదాన్ని అలా వాడారు. మధ్యలో తగినన్ని ఫోన్లు లేకపోతే మాత్రం గొలుసు తెగిపోతుంది.

మామూలు రోజుల్లో కూడా పనికొచ్చేది కివిక్స్ అనే యాప్. తెలుగు వికీపీడియా మొత్తం ఫోన్లోకి దించుకోవచ్చు, పైగా ఆ ఫోనే హాట్‌స్పాట్ పెట్టి పక్కవాళ్లకి చూపించగలదు, వాళ్లు మామూలు బ్రౌజర్లో తెరిచి చదువుకోవచ్చు. సిగ్నల్ లేని మన ఊరి బడికి ఇది చేసిపెట్టాలని నాకు ఎంతో ఉంది.

జాగ్రత్తలు కూడా చెప్పాలి. క్విక్ షేర్‌లో, ఎయిర్‌డ్రాప్‌లో "అందరికీ కనపడు" అన్నది పదినిమిషాలకి మించి పెట్టొద్దు. బస్సులో, రైల్లో తెలియనివాళ్ల నుంచి ఫైలు వస్తే వద్దని కొట్టండి. ఏపీకే అని చివర ఉన్న ఫైలు (తెరిస్తే ఫోన్లో కొత్త యాప్ వేసేది) చుట్టాలు పంపినా తీసుకోవద్దు, పెళ్లిపత్రిక పేరుతో అలాంటివి పంపి బ్యాంకు ఖాతాలు ఖాళీ చేసే మోసాలు నడుస్తున్నాయి. షేర్‌ఇట్, జెండర్ అని ఒకప్పుడు అందరి ఫోన్లలో ఉండేవి, 2020 జూన్‌లో మన ప్రభుత్వం నిషేధించిన 59 యాప్‌లలో అవీ ఉన్నాయి, పాత కాపీలు ఎక్కడినుంచో తెచ్చి వేసుకోకండి. హాట్‌స్పాట్ పాస్‌వర్డ్ ఫోన్ నంబరు పెట్టకండి, పని కాగానే ఆపెయ్యండి. ఇంకొకటి, వైఫైలో పంపినా, ఎలా పంపినా, ఫొటోలో ఉన్నవాళ్లని అడక్కుండా పంపొద్దు, ముఖ్యంగా పెళ్లిలో ఆడపిల్లలవి. ఒకసారి ఇంకొకరి ఫోన్లోకి వెళ్లిన ఫొటోని మనం వెనక్కి తీసుకోలేం.

ఆదివారం అందరూ ఇంట్లోనే ఉంటారు కదా. ముందు అక్క ఫోన్లో హాట్‌స్పాట్ పెట్టి బావ దగ్గరున్న వీడియో చిన్నోడికి పంపండి, ఎన్ని సెకన్లు పట్టిందో రాసుకోండి. తర్వాత బావే హాట్‌స్పాట్ పెట్టి అదే వీడియో మళ్లీ పంపండి. మూడోసారి చిన్నోడి ఫోను జేబులో ఉంచి చూడండి. మూడు అంకెలూ నాకు రాసి పంపండి, ఏ ఫోన్లు వాడారో కూడా రాయండి, తేడా ఎందుకొచ్చిందో మళ్లీ ఉత్తరంలో మాట్లాడుకుందాం.

ఉంటాను.
మీ తాతయ్య