అసిమోవ్ గురించి మీ గొడవ విన్నాక

పిల్లలూ,

మొన్న రాత్రి లైటు తీసేశాక కూడా మీ ముగ్గురూ దుప్పట్లలోంచే సైన్స్ ఫిక్షన్ రచయిత ఐజాక్ అసిమోవ్ గురించి పోట్లాడుకోవడం పక్క గదిలోంచి అంతా విన్నాను. లేచొచ్చి మీ మధ్య కూర్చోవాలనిపించింది. కానీ నేనొస్తే అమ్మమ్మ చెప్పింది కదా అని తలూపి ఊరుకుంటారు, వాదన అక్కడితో ఆగిపోతుంది. అందుకే ఉత్తరం రాస్తున్నాను. ఇది చదివి నాతోనూ వాదించండి.

పెద్దవాడేమో ఆయన రోబోట్ నవలలన్నీ పూర్తిచేశాకే, గెలాక్సీ సామ్రాజ్యం కూలిపోయే కథల వరుస 'ఫౌండేషన్' ముట్టుకోవాలన్నాడు. నడిపిదేమో ఫౌండేషన్‌లో ఏమీ జరగదు, అందరూ కూర్చుని మాట్లాడుకోవడమే అంది. చిన్నవాడు "సైకోహిస్టరీ నిజంగా ఉంటుందా?" అని, ఆ కథల్లో జనం భవిష్యత్తును లెక్కగట్టే శాస్త్రం గురించి రెండుసార్లు అడిగాడు. వాడికి మీరిద్దరూ జవాబు చెప్పలేదు.

ముందు పెద్దవాడి సంగతి. అసిమోవ్ ఈ కథలు రాసిన క్రమం వేరు, కథల్లో కాలం నడిచే క్రమం వేరు. ఫౌండేషన్ మొదటి కథ 1942 మే నెలలో 'అస్టౌండింగ్' అనే పత్రికలో వచ్చింది. పత్రికలో వచ్చిన ఆ కథలు 1951, 1952, 1953లలో మూడు పుస్తకాలయ్యాయి. రోబోట్ కథలు దాదాపు అదే కాలంలో రాసినవే అయినా, అప్పట్లో వీటికీ వాటికీ చుట్టరికం లేదు. ముప్ఫై ఏళ్ళు గడిచాక, అందరూ అడగ్గా అడగ్గా, 1982లో నాలుగో ఫౌండేషన్ నవల వచ్చింది. 1985లో వచ్చిన 'రోబోట్స్ అండ్ ఎంపైర్'తో ఆయన ఆ రెండు లోకాలనూ కలిపి కుట్టేశారు. 1988 నాటి 'ప్రిల్యూడ్ టు ఫౌండేషన్' ముందుమాటలో, కథాకాలం ప్రకారం ఏది ముందో ఏది వెనకో తనే జాబితా ఇచ్చారు. పెద్దవాడి బలమంతా ఆ జాబితాయే.

అయినా నేను ఒప్పుకోను. కుట్టు ఎంత అందంగా పడిందో తెలియాలంటే ముందు ఆ రెండు గుడ్డలనూ విడివిడిగా చూసి ఉండాలి. రాసిన క్రమంలో చదివితే, ఇరవై ఒక్క ఏళ్ళ కుర్రవాడిగా రాసిన మనిషి అరవై దాటాక తన కథలతో తనే ఎలా మాట్లాడుకున్నాడో కూడా కనిపిస్తుంది. ఇందులో నా సొంత బాధ ఒకటుంది. నాకు మొట్టమొదట దొరికింది మూడో పుస్తకం, 'సెకండ్ ఫౌండేషన్'. పద్నాలుగేళ్ళ వయసులో ఎవరో ఇస్తే ఒక్క రోజులో చదివేశాను. దాని చివర తెలిసే రహస్యం తెలియకుండా మొదటి రెండు పుస్తకాలూ చదివే సంతోషం నాకు ఇక దక్కదు. అందుకే ఆ రహస్యం చిన్నవాడికి ఎవరూ చెప్పొద్దు. మొన్న చెప్పబోయి నాలిక కరుచుకున్నది ఎవరో నాకు తెలుసు.

ఇక నడిపిదాని మాట. బంగారం, నువ్వన్న మాట అసిమోవే అన్నారు! నాలుగో నవల రాసే ముందు ఆయన పాత మూడు పుస్తకాలనూ మళ్ళీ చదివారు. ఇప్పుడేదో జరుగుతుంది, ఇప్పుడేదో జరుగుతుంది అని ఎదురుచూశారట. ఏమీ జరగలేదు. అన్నీ ఆలోచనలూ సంభాషణలే. మరి ఇంతమందికి ఇంకా కావాలని ఎందుకనిపించింది అని ఆశ్చర్యపోయారు. కానీ పేజీలు మాత్రం ఆత్రంగానే తిప్పుతున్నాననీ, పుస్తకం అయిపోతే దిగులు వేసిందనీ కూడా దాచకుండా రాసుకున్నారు.

ఆ ఆత్రం ఎక్కడి నుంచి వస్తుందో చెప్తాను. మొదటి పుస్తకంలోని టెర్మినస్ అనే చిన్న గ్రహాన్ని తీసుకో. అక్కడ ఖనిజాలు లేవు, సైన్యం లేదు, చుట్టూ నాలుగు రాజ్యాలు కాచుకుని ఉన్నాయి. ఆ గ్రహం ఎలా బతకాలి? మేయర్ శాల్వర్ హార్డిన్ తుపాకీ ముట్టుకోడు. ఎవరికి ఎవరంటే భయమో, ఎవరికి ఎవరితో అవసరమో లెక్క వేసుకుంటాడు. చదరంగం ఆడేవాళ్ళు కుర్చీలోంచి కదలకపోయినా చూసేవాళ్ళకు టెన్షన్ ఎందుకు? ఇదీ అంతే. ఇంకోసారి చదువు. ప్రతి సంభాషణ దగ్గరా ఆగి, ఇక్కడ ఎవరు ఏమి దాస్తున్నారు అని ఒక్క ప్రశ్న వేసుకో. అప్పటికీ నచ్చకపోతే నీ ఇష్టం, నేను బలవంతపెట్టను.

నువ్వు అనలేదు గానీ, అనాల్సిన మాట ఇంకొకటి ఉంది. మొదటి పుస్తకంలో ఆడవాళ్ళు దాదాపు కనిపించరు. వేల ఏళ్ళ తర్వాతి మనుషులను ఊహించగలిగిన వ్యక్తికి వాళ్ళలో సగం మంది గుర్తు రాకపోవడం చిన్న లోపం కాదు. రెండో పుస్తకంలో బేటా వస్తుంది. మూడోదానిలో ఆర్కేడియా వస్తుంది, దానికి పద్నాలుగేళ్ళు. నేను చదివినప్పుడు నాకూ అంతే కదా, అందుకే అది నా స్నేహితురాలైపోయింది. బయట కూడా, అభిమానుల సభల్లో ఆడవాళ్ళ పట్ల అసిమోవ్ తప్పుగా ప్రవర్తించేవారని ఆ కాలం వాళ్ళే రాశారు. అది మీకు చెప్పకుండా దాచడం నాకు ఇష్టం లేదు. ఆ పుస్తకాలంటే నాకు ప్రాణం. ఆ పని తప్పే.

రోబోట్ల గురించి కొంచెం చెప్తాను. పెద్దవాడు ఆ మూడు సూత్రాలనూ పద్యంలా ఒప్పజెప్తాడు. మనిషికి హాని చేయకూడదు, హాని జరుగుతుంటే చూస్తూ ఊరుకోకూడదు. మొదటిదానికి అడ్డు రానంతవరకు మనిషి మాట వినాలి. ఆ రెంటికీ అడ్డు రానంతవరకు తనను తాను కాపాడుకోవాలి. వినడానికి ఎంత చక్కగా ఉన్నాయో! కానీ ఆయన కథలన్నీ ఆ చక్కదనం ఎక్కడ చిక్కుపడుతుందో చూపించేవే. 1942లో వచ్చిన 'రనరౌండ్' కథలో ఇద్దరు మనుషులు బుధగ్రహం మీద ఉంటారు. సెలీనియం తెమ్మని స్పీడీ అనే రోబోట్‌ను పంపుతారు. ఆ సెలీనియం ఉన్న గుంట దగ్గర రోబోట్‌కు ప్రమాదం ఉంది. స్పీడీ చాలా ఖరీదైనది కాబట్టి, తనను తాను కాపాడుకునే సూత్రాన్ని దానిలో గట్టిగా బిగించారు. ఆజ్ఞ ఇచ్చిన మనిషేమో ఏదో మామూలుగా చెప్పాడు. దగ్గరికి వెళ్తే భయం గెలుస్తుంది, దూరం జరిగితే ఆజ్ఞ గెలుస్తుంది. రెండూ సరిసమానమైన చోట అది గుంట చుట్టూ గిరగిరా తిరుగుతూనే ఉంటుంది. దాన్ని ఎలా ఆపారో చెప్పను. ఉన్న మూడు సూత్రాలలోనే జవాబుంది, ముందు మీరే ఆలోచించండి.

ఆ బుధగ్రహం దగ్గరే ఇంకో సంగతి. బుధుడి ఒక వైపు ఎప్పుడూ సూర్యుడినే చూస్తుందని ఆ రోజుల్లో శాస్త్రవేత్తలు నమ్మేవారు. అసిమోవ్ 1956లో పిల్లల కోసం మారుపేరుతో రాసిన నవలలో కూడా అలాగే రాశారు. 1965లో రాడార్‌తో చూస్తే, బుధుడు సుమారు 59 రోజులకు ఒకసారి తన చుట్టూ తాను తిరుగుతున్నాడని తేలింది. సూర్యుడి చుట్టూ తిరగడానికి 88 రోజులు. అంటే అన్ని వైపులా ఎండ పడుతుంది. అదే వరుసలో శుక్రగ్రహం మీద సముద్రాలున్నాయని రాసిన నవల ఉంది. నిజానికి అక్కడ సుమారు 460 డిగ్రీల వేడి. ఆ నవలలు తర్వాత మళ్ళీ అచ్చయినప్పుడు ఆయన ఒక్కొక్కదానికీ ముందుమాట రాసి, నేను రాసిన నాటికి తెలిసింది ఇది, ఇప్పుడు తెలిసింది ఇది అని పిల్లలకు వివరించారు. ఆయన పుస్తకాలన్నింటిలో నాకు అన్నిటికంటే ఇష్టమైన పేజీలు ఆ ముందుమాటలే. నవలలు అంత గొప్పవి కావు, ఆ పేజీలు గొప్పవి.

మీలాగే ఆయనా ఒక అభిమాని. రష్యాలో పుట్టి, మూడేళ్ళ వయసులో అమెరికా చేరారు. బ్రూక్లిన్‌లో తండ్రి నడిపే మిఠాయి దుకాణంలోనే పత్రికలూ అమ్మేవారు. ఇదంతా చెత్త అని తండ్రి చదవనివ్వలేదు. పేరులో 'సైన్స్' అని ఉంది కదా అని చూపించి ఆయన్ని ఒప్పించాడు కుర్రవాడు. తర్వాత ఏ కథ బాగుంది, ఏది బాగాలేదు అంటూ 'అస్టౌండింగ్' పత్రికకు ఉత్తరాలు రాసేవాడు. 1938 మేలో పత్రిక అనుకున్న రోజుకు రాకపోతే, ఆగిపోయిందేమో అన్న కంగారులో ప్రచురణ సంస్థ ఆఫీసుకే వెళ్ళి అడిగాడు. రావలసిన తేదీ మారిందంతే. కానీ ఆ కంగారులోంచే, ఎప్పుడో మొదలుపెట్టి వదిలేసిన సొంత కథను మళ్ళీ చేతిలోకి తీసుకున్నాడు. జూన్‌లో దాన్ని సంపాదకుడు జాన్ క్యాంప్‌బెల్‌కు స్వయంగా ఇచ్చాడు. అది తిరిగొచ్చింది. మూడేళ్ళ తర్వాత అదే క్యాంప్‌బెల్‌ను కలవడానికి వెళ్తుంటే, రైల్లో ఫౌండేషన్ ఊహ తట్టింది. రోమ్ సామ్రాజ్యం ఎలా కూలిందో గిబ్బన్ రాసిన చరిత్ర అప్పటికే చదివి ఉన్నాడు. రోమ్ బదులు గెలాక్సీ అంతా ఒకే సామ్రాజ్యమైతే?

ఇక చిన్నవాడా, నీ ప్రశ్న. ఒక నాణెం ఎగరేస్తే బొమ్మ పడుతుందో బొరుసు పడుతుందో ఎవరూ చెప్పలేరు. వెయ్యిసార్లు ఎగరేస్తే? బొమ్మల లెక్క దాదాపు ప్రతిసారీ 450కీ 550కీ మధ్యే ఉంటుంది. కావాలంటే అక్కనూ అన్ననూ కూర్చోబెట్టి వేసి చూడు. అసిమోవ్ చదివింది రసాయన శాస్త్రం. సీసాలోని గాలిలో ఒక్క అణువు ఎటు పోతుందో చెప్పలేం. కోట్ల కోట్ల అణువులు కలిసి సీసా గోడను ఎంత బలంగా నెడతాయో మాత్రం కచ్చితంగా చెప్పగలం. మనుషులు కూడా అంతమంది ఉంటే? అదీ సైకోహిస్టరీ. ఆ కథల్లో దాన్ని కనిపెట్టిన గణిత శాస్త్రవేత్త హారీ సెల్డన్ లెక్క వేసి, పన్నెండు వేల ఏళ్ళుగా ఉన్న సామ్రాజ్యం కూలుతుందనీ, తర్వాత 30,000 ఏళ్ళ చీకటి వస్తుందనీ, దాన్ని 1,000 ఏళ్ళకు తగ్గించవచ్చనీ అంటాడు.

నాకు తెలిసినంతలో అలాంటి శాస్త్రం లేదు. ఎందుకంటే నాణెం పక్క నాణేన్ని చూసి బొమ్మ పడదు. మనిషి పక్క మనిషిని చూస్తాడు. ఒకరు పరిగెత్తితే వెనక పదిమంది పరిగెత్తుతారు, ఏమైందో తెలియకపోయినా. ఒకరిని చూసి ఒకరు మారే చోట చిన్న తేడా పెరిగి పెరిగి పెద్దదైపోతుంది. మనుషుల సంగతి అలా ఉంచి, వాతావరణానికే ఆ గుణం ఉందని 1963లో వాతావరణ శాస్త్రవేత్త ఎడ్వర్డ్ లోరెంజ్ చూపించారు. అయినా ఈ ఊహ వృథా పోలేదు. 2008లో నోబెల్ అందుకున్న ఆర్థిక శాస్త్రవేత్త పాల్ క్రుగ్మన్, చిన్నప్పుడు సెల్డన్‌లా అవ్వాలనుకునే తను అర్థశాస్త్రం వైపు వచ్చానని చెప్పారు.

అసిమోవ్‌కు ఈ చిక్కు తెలియదనుకోకండి. లెక్క పనిచేయాలంటే తమ భవిష్యత్తును ఎవరో లెక్కగట్టారని ప్రజలకు తెలియకూడదు అని షరతు పెట్టారు. తెలిస్తే మారిపోతారు కదా. మీ ముగ్గురినీ నేను అడగాలనుకున్నది ఈ షరతు గురించే. కోటానుకోట్ల మంది భవిష్యత్తును, వాళ్ళకు చెప్పకుండా, వాళ్ళ మంచికే అయినా, ఒక మనిషి నడపవచ్చా? మీ వయసులో నేను నడపవచ్చనే అనుకున్నాను. సెల్డన్ నాకు దేవుడిలా కనిపించాడు. ఇప్పుడు అలా అనుకోవడం లేదు. ఎందుకో ఈ ఉత్తరంలో రాయను, ముందు మీరేమంటారో వినాలి. పుస్తకం పక్కన పెట్టుకుని రాయండి, ఏ మాటను బట్టి అంటున్నారో పేజీ నంబరు కూడా వేయండి.

ప్రేమతో,
అమ్మమ్మ