గొలుసులు ఎవరు వేశారు?

ఎవరైనా తలతిక్కగా మాట్లాడితే హైదరాబాద్‌లో "వీణ్ని ఎర్రగడ్డకి పంపాలి" అంటారు, విశాఖలో అయితే చినవాల్తేరు పేరెత్తుతారు. రెండు చోట్లా ప్రభుత్వ మానసిక వైద్యశాలలున్నాయి, ఆ ఊళ్లు చేసుకున్న పాపం అదొక్కటే. జోకు చిన్నదే గానీ దాని వయసు పెద్దది. 1912 నాటి లూనసీ (పిచ్చి) చట్టం స్కిజోఫ్రేనియా (లేని గొంతులు వినపడటం, లేనిపోని అనుమానాలు పట్టుకోవడం) లాంటి జబ్బున్న మనిషిని రోగిగా కన్నా ప్రమాదంగా చూసింది, ఎక్కువమందిని మెజిస్ట్రేటు ఉత్తర్వు మీదే లోపలికి పంపేవారు. స్వాతంత్ర్యం వచ్చాక కూడా నలభై ఏళ్లకు పైగా అదే నడిచింది.

ఇంట్లోవాళ్లని గేటు బయటే ఆపే ఆ పద్ధతిని 1950ల్లో అమృత్‌సర్‌లో డాక్టర్ విద్యాసాగర్ తిరగేశారు. ఆసుపత్రి కిక్కిరిసిపోయి ఉంటే, ఆవరణలో గుడారాలు వేయించి, రోగితో పాటు ఇంటివాళ్లనీ అక్కడే ఉండమన్నారు, అందరినీ కూర్చోబెట్టి జబ్బేమిటో, ఇంటికెళ్లాక ఎలా చూసుకోవాలో చెప్పేవారు. నా లెక్కలో మన దేశంలో ఈ జబ్బుల గురించి జనానికి పాఠం మొదలైంది ఆ గుడారాల్లోనే. తర్వాత వెల్లూరు సీఎంసీలోనూ కుటుంబాలను రోగి పక్కనే ఉండనిచ్చారు.

తర్వాత వచ్చిన పేచీ ఏంటంటే, కుటుంబం చూసుకుంటుంది కదా అని ప్రభుత్వాలు మొత్తం బరువు దాని నెత్తినే పెట్టేశాయి. 1982లో జాతీయ మానసిక ఆరోగ్య కార్యక్రమం వచ్చింది, మన అనంతపురం పక్కనే ఉన్న బళ్లారిలో మామూలు పీహెచ్‌సీ (ప్రాథమిక ఆరోగ్య కేంద్రం) డాక్టర్లకే శిక్షణ ఇచ్చి చూశారు, పనికొచ్చింది కూడా. అయినా దాన్ని నమూనాగా తీసుకుని జిల్లాలకు పంచడం 1996లో గానీ మొదలవలేదు, అదీ కొన్ని జిల్లాలతో.

ఈలోపు మందు దొరకనివాళ్లు ఏం చేస్తారు? తాయత్తు కడతారు, దర్గాకో గుడికో తీసుకెళ్తారు. తమిళనాడు ఏర్వాడిలో దర్గా చుట్టూ అలాంటివాళ్ల కోసం ప్రైవేటు హోమ్‌లు వెలిశాయి. 2001 ఆగస్టు 6 తెల్లవారుజామున వాటిలో ఒక హోమ్‌కి నిప్పంటుకుంది. లోపలున్న రోగుల్ని గొలుసులతో కట్టేసి ఉంచారు కాబట్టి పరిగెత్తలేకపోయారు, 28 మంది చనిపోయారు. వాళ్లని అక్కడ వదిలి వెళ్లిన ఇంటివాళ్లంతా కఠినులని నేననను, చాలామందికి చుట్టుపక్కల అడగడానికి డాక్టరే లేడు.

సుప్రీంకోర్టు తనంతట తానే కేసు తీసుకుంది. 2017 నాటి మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం గొలుసులు వేయడాన్ని పూర్తిగా నిషేధించింది, ఊళ్లోనే నలుగురి మధ్య బతికే హక్కు ఇచ్చింది, అందుకు ప్రభుత్వమే వసతి గృహాలు పెట్టాలంది. 2022 నుంచి ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ 14416కి ఫోన్ చేస్తే తెలుగులోనూ మాట్లాడతారు. కానీ 2015-16 జాతీయ సర్వే ప్రకారం తీవ్ర మానసిక జబ్బులున్న ప్రతి నలుగురిలో దాదాపు ముగ్గురికి వైద్యం అందడం లేదు, ఆ ముగ్గురినీ ఇప్పటికీ చూసుకుంటున్నది ఇంట్లోవాళ్లే, వాళ్లకి అమృత్‌సర్ గుడారంలో చెప్పిన ఆ నాలుగు మాటలు చెప్పేవాళ్లు కూడా లేకుండా.