క్వెబెక్ వంశవృక్షాలు: ఇంటిపేర్ల చుట్టూ ఉన్న అపోహలు, వాస్తవాలు

పదిహేడో శతాబ్దంలో ఫ్రాన్స్ నుంచి వచ్చి కెనడాలోని క్వెబెక్ ప్రాంతంలో, సెయింట్ లారెన్స్ నదీతీరాన స్థిరపడిన కుటుంబాల పూర్వీకులను వెదికిపెట్టడం నా వృత్తి. నన్ను సంప్రదించే వారిలో ఎక్కువమంది ఇంటిపేరునే గట్టి ఆధారంగా భావిస్తారు. ఈ పనిలో అన్నిటికన్నా ముందు దారి తప్పించేది అదే.

అపోహ: ఇంటిపేర్లు వేరైతే వంశాలు కూడా వేరు.

వాస్తవం: నాటి ఫ్రెంచి వలస ప్రాంతమైన న్యూ ఫ్రాన్స్‌లో ఒకే కుటుంబానికి రెండు ఇంటిపేర్లు ఉండడం మామూలే. రెండింటి నడుమ 'అని పిలిచే' అనే అర్థంలో 'డి' అని రాసేవారు. 1665లో వచ్చిన ఫ్రెంచి సైన్యంలోని కరిన్యాన్-సాలియేర్ రెజిమెంట్ సైనికుల్లో సుమారు 400 మంది అక్కడే ఉండిపోగా, సైన్యంలో వారికి పెట్టిన లాఫ్లర్, సాన్‌సూసీ వంటి మారుపేర్లు తర్వాతి తరాలకు ఇంటిపేర్లయ్యాయి. హుడన్ డి బోల్యూ వంశీకుల్లో కొందరు హుడన్‌లుగా, కొందరు బోల్యూలుగా మిగిలారు. ఒకే మనిషి జ్ఞానస్నానం నాటికి ఒక పేరుతో, పెళ్లి నాటికి రెండో పేరుతో కనిపించవచ్చు కనుక రెండు పేర్లతోనూ వెదకాలి. అమెరికా ఈశాన్యాన ఉన్న న్యూ ఇంగ్లండ్ మిల్లుల్లో పనికి వెళ్లిన కుటుంబాల విషయంలో, ఫ్రెంచిలో 'రాజు' అనే అర్థమున్న రాయ్ అనే పేరు ఇంగ్లీషులో కింగ్‌గా మారి ఉండే అవకాశాన్ని కూడా చూడాలి.

అపోహ: పెళ్లయిన స్త్రీ పుట్టింటి పేరు తెలుసుకోవడం కష్టం.

వాస్తవం: మన దగ్గర స్త్రీకి అత్తవారి ఇంటిపేరు వస్తుంది గానీ, అక్కడి చర్చి రిజిస్టర్లలోనూ నోటరీ పత్రాల్లోనూ ఆమె జీవితాంతం పుట్టింటి పేరుతోనే నమోదయ్యేది. తొలి పెళ్లి నమోదులో సాధారణంగా వధూవరులిద్దరి తల్లిదండ్రుల పేర్లు, తల్లుల పుట్టింటి పేర్లతో సహా ఉంటాయి. అందువల్ల ఒక పెళ్లి నమోదు దొరికితే వెనుకటి తరానికి దారి దొరికినట్టే. వితంతువు మళ్లీ పెళ్లి చేసుకున్నప్పుడు మాత్రం తల్లిదండ్రులకు బదులు మొదటి భర్త పేరే రాయడం తరచుగా కనిపిస్తుంది, కాబట్టి ఆ మొదటి పెళ్లిని వెదికి పట్టుకోక తప్పదు.

అపోహ: జ్ఞానస్నాన నమోదులో మొదట ఉన్నదే పిలుపు పేరు.

వాస్తవం: మగపిల్లలకు జోసెఫ్, ఆడపిల్లలకు 'మారీ' అని ముందు చేర్చడం, జ్ఞానతండ్రి లేదా జ్ఞానతల్లి పేరు కూడా కలపడం ఆచారం, పిలుపు పేరు తరచుగా చివరన ఉంటుంది. చనిపోయిన బిడ్డ పేరును తర్వాత పుట్టిన బిడ్డకు పెట్టేవారు గనుక ఖనన నమోదులు కూడా చూడాలి.

అపోహ: ఇంటిపేరులో ఫ్రెంచి పదం 'ద' (de) ఉంటే ప్రభువంశం.

వాస్తవం: కాదు. సామాన్య రైతుల పేర్లలోనూ అది ఉంది.

అపోహ: రాజు ఖర్చుతో పెళ్లిళ్ల కోసం కెనడాకు వచ్చిన, 'రాజు కుమార్తెలు' అని పిలిచే స్త్రీలు వేశ్యలు.

వాస్తవం: నన్ను అన్నిటికన్నా బాధించే అపోహ ఇది. 1663 నుంచి 1673 వరకు ఫ్రాన్స్ రాజు పద్నాలుగో లూయీ ఖర్చుతో వచ్చిన సుమారు 800 మంది స్త్రీలలో చాలామంది తండ్రిని కోల్పోయినవారు, కొందరు పారిస్‌లోని సాల్పేత్రియేర్ ఆశ్రమంలో ఉన్నవారు. ఈ నిందకు ప్రచారం కల్పించిన ఫ్రెంచి సైనికాధికారి, రచయిత లాహోంతాన్ కెనడాకు వచ్చిందే 1683లో, అంటే చివరి ఓడ వచ్చిన పదేళ్లకు. ఆ స్త్రీలలో కొందరు ఒకరితో పెళ్లి ఒప్పందం రాయించుకుని, దాన్ని రద్దుచేసుకుని, తమకు నచ్చిన మరొకరిని పెళ్లాడారు. అందుకే నోటరీ ఒప్పందం దొరికిన వెంటనే భర్త పేరును వంశవృక్షంలో ఎక్కించకుండా, చర్చిలో ఆ పెళ్లి నిజంగా నమోదైందో లేదో చూసిన తర్వాతే రాయాలి.