పావురం రక్తం రాస్తే పడిపోయిన చెయ్యి లేవదు

శ్రీకాకుళంలో ఫిజియోథెరపీ చేస్తున్నాను. పక్షవాతం వచ్చిన మనిషిని తీసుకొస్తే బీపీ, షుగర్ కంటే ముందు నేను అడిగేది ఒకటే: "పావురం రక్తం రాశారా?" చాలామంది తల దించుకుంటారు, తిడతానేమోనని. తిట్టను. ఇంటి పెద్ద కళ్ల ముందే ఒక పక్కకి కూలిపోతే ఎవరేం చెప్పినా చేసేస్తాం. కోపమంతా "పావురం రక్తం రాస్తే పక్షవాతం తగ్గుతుంది" అన్న మాటని ఊరూరా మోసేవాళ్ల మీదే.

అపోహ: పావురం రక్తం వేడికి నరాలు కదులుతాయి.

వాస్తవం: దెబ్బ తగిలింది చేతికి కాదు, మెదడుకి. అక్కడ రక్తనాళం మూసుకుపోయింది, లేదా చిట్లింది. చర్మం మీద ఏం రాసినా అక్కడికి చేరదు.

"మరి మా బావకి తగ్గింది కదండీ" అంటారు. అబద్ధం అనను. ఏ మందూ రాయకపోయినా తొలి వారాల్లో చాలామందికి కొంత కదలిక దానంతటదే వస్తుంది. మెదడులో వాపు తగ్గుతుంది, దెబ్బతిన్న చోటు పనిని పక్క భాగాలు కొంత అందుకుంటాయి. సరిగ్గా ఆ రోజుల్లో పావురం రక్తం రాస్తే పేరు పావురానికి వస్తుంది. నేను ఊరికే వేళ్లు నిమురుతూ కూర్చున్నా పేరు నాకే వస్తుంది. అందుకే "ఫలానావాళ్లకి తగ్గింది" అన్నది రుజువు కాదు. ఒకేలాంటి రోగుల్ని చీటీలు తీసినట్టు రెండు గుంపులు చేసి, ఒక గుంపుకి వైద్యం ఇచ్చి, రెండోదానికి ఇవ్వకుండా పోల్చి చూస్తేనే తేలుతుంది.

ఇక "రాస్తే పోయేదేముంది?" అంటారా, రోజులు పోతాయి. ఎక్కువగా కోలుకునేది తొలి మూడు నెలల్లోనే. కళింగపట్నం వైపు నుంచి వల వేసే ఆయన్ని రెండు నెలలు గాలి తగలకూడదని గదిలో పడుకోబెట్టి, ఆ తర్వాత తెచ్చారు. పిడికిలి బిగుసుకుపోయి ఉంది. మెల్లగా ఒక్కో వేలూ విప్పితే అరచేతిలో నాలుగు గోళ్ల గుర్తులు, నాని తెల్లబడిన చర్మం, వాసన. భుజం ముట్టుకుంటే అరిచాడు. కొడుకు అడిగిన మాట ఇప్పటికీ చెవిలోనే ఉంది: "ఆలీసమైపోనాదా బాబూ?"

రుజువు ముందు మేమూ మారాల్సిందే. పక్షవాతం రోగిని ఎంత తొందరగా, ఎంత ఎక్కువగా లేపితే అంత మంచిదని నేను గట్టిగా నమ్మేవాణ్ణి. ఐదు దేశాల్లో 2,104 మంది మీద చేసిన అవెర్ట్ పరిశోధన 2015లో వచ్చింది. మొదటి 24 గంటల్లోనే మొదలుపెట్టి, ఎక్కువసార్లు, ఎక్కువసేపు లేపినవాళ్లలో మూడు నెలలకి బాగా కోలుకున్నది 46 శాతం, మామూలు పద్ధతిలో చూసినవాళ్లలో 50 శాతం. చదివి మనసు చివుక్కుమంది, పద్ధతి మార్చుకున్నాను. మొదటి రోజు హడావిడి వద్దు, డాక్టర్ సరేనన్నాక కొంచెం కొంచెంగా మొదలుపెడతాం. అంతేగానీ నెలల తరబడి పడుకోబెట్టమని కాదు.

అపోహ: "కరెంటెడితే సాలు బాబూ." చాలదు. కండరాలకి సన్నగా కరెంటు ఇచ్చే మెషీన్ పని చేస్తుంటే రోగి కూడా చెయ్యి ఎత్తడానికి ప్రయత్నించాలి, అప్పుడే అది సాయం. పడుకుని పెట్టించుకుంటే డబ్బు ఖర్చే.

అపోహ: పడిపోయిన చెయ్యి పట్టి లాగి లేపాలి. దయచేసి వద్దు. కండ బలం పోయిన భుజం కీలు జారుతుంది, నొప్పి నెలల తరబడి వదలదు. నడుం దగ్గర పట్టుకుని లేపండి, కూర్చున్నప్పుడు ఆ చేతి కింద దిండు పెట్టండి.

అపోహ: మూడు నెలలు దాటితే ఇక ఏమీ రాదు. టెన్షన్‌తో నిద్రపోనివాళ్లు ఎక్కువగా అడిగేది ఇదే. 2006లో అమెరికాలో ఎక్సైట్ అనే పరిశోధన ఫలితాలు వచ్చాయి. పక్షవాతం వచ్చి 3 నుంచి 9 నెలలైన 222 మంది, మణికట్టు, వేళ్లలో కాస్తయినా కదలిక ఉన్నవాళ్లు. కొందరికి రెండు వారాలు మంచి చేతికి తొడుగు వేసి, పడిపోయిన చేతితోనే పనులు చేయించారు. మామూలు వైద్యంలో ఉన్నవాళ్ల కంటే వీళ్ల చెయ్యి బాగా మెరుగుపడింది.

వల వేసే ఆయనకి బొటనవేలూ చూపుడువేలూ కొంచెం కదిలేవి. మంచి చేతికి గుడ్డ చుట్టి, నైలాన్ తాడు ముక్క ఇచ్చాను. రోజుకి రెండు గంటలు, ముడి వెయ్యడం, విప్పడం. నాలుగో వారం ముడి పడింది. వదులుగా ఉంది. కొడుకు దాన్ని విప్పనివ్వలేదు, అలాగే జేబులో పెట్టుకుని బస్సెక్కాడు.